రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ

రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (జనవరి 23, 1893 - మార్చి 11, 1979) తెలుగు, సంస్కృత, ప్రాకృత భాషలలో పండితుడు, సాహిత్య విమర్శకుడు, సంగీత శాస్త్రవేత్త. తాళ్ళపాక అన్నమాచార్యుని సంకీర్తనలను తిరుమల రాగిరేకుల నుండి పరిష్కరించి ప్రచురించిన పండితులలో ముఖ్యుడు. రేకులమీద మాటలు నిలిచినా పాడే వరుస మరుగున పడిపోయిన ఆ పాటలలో నూటికి పైగా స్వరపరచి, వాటిని మళ్ళీ గాయకుల నోటికి అందించాడు. ఈయన రచించిన "పెనుగొండ కొండ" గేయం, వేమనపై చేసిన ఉపన్యాసాలు, "సారస్వతాలోకము"లోని విమర్శ వ్యాసాలు తెలుగు సాహిత్యంలో ప్రసిద్ధమైనవి.

బాల్యం, విద్యాభ్యాసం

అనంతకృష్ణశర్మ అనంతపురం జిల్లాలో, ప్రస్తుతం కంబదూరు మండలంలో ఉన్న రాళ్ళపల్లి గ్రామంలో శ్రీవైష్ణవ కుటుంబంలో జన్మించాడు. తండ్రి కృష్ణమాచార్యులు, తల్లి అలమేలుమంగమ్మ. తండ్రి పండితుడు. సంస్కృతాంధ్రాలలో మొదటి పాఠాలు శర్మకు ఆయన వద్దనే జరిగాయి. తల్లికి పాటలు, కీర్తనలు బాగా వచ్చు. ఆమె పాడుతుండగా విని నేర్చినదే ఈయన తొలి సంగీతం. తరువాతి కాలంలో ఎందరు గురువుల వద్ద శాస్త్రం చదివినా, పాట అంటే మొదట ఇంటిలో వినిపించేది, గొంతులో నిలిచేది అన్న భావం ఈయనలో పోలేదు. అన్నమయ్య పాటల విషయంలో ఈయన చేసిన పనిని అర్థం చేసుకోవడానికి ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

పన్నెండేళ్ళ ప్రాయంలో చదువుకోసం మైసూరు చేరాడు. అనంతపురం నుండి బెంగుళూరు వైపు పోయే రైలుదారి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగానే సాగుతుంది. ఆ రోజులలో ఈ ప్రాంతపు విద్యార్థులకు మద్రాసు కంటే మైసూరు సంస్థానమే దగ్గర. భాష వేరైనా ఆహారవ్యవహారాలు, సంగీతాభిరుచి ఒకటే. మైసూరులో పరకాల మఠాధిపతి కృష్ణబ్రహ్మతంత్ర పరకాలస్వామి వద్ద శర్మ సంస్కృత కావ్యాలు, శాస్త్రాలు అభ్యసించాడు. అదే కాలంలో సంగీతంపై ఆసక్తి పెరిగింది.

అప్పటి మైసూరు కర్ణాటక సంగీతానికి పెద్ద పీట. నాల్వడి కృష్ణరాజ ఒడయరు ఆస్థానంలో వీణ శేషణ్ణ, వీణ సుబ్బణ్ణ, మైసూరు వాసుదేవాచార్య వంటి విద్వాంసులు ఉండేవారు. ముఖ్యంగా వీణకు ఆ ఊరు పెట్టింది పేరు. శర్మ కరిగిరి రావు, బిడారం కృష్ణప్పలను ఆశ్రయించి సంగీతం నేర్చుకున్నాడు. కచేరీ గాయకుడు కావాలన్నది ఈయన ఉద్దేశ్యం కాదు. అయితే లక్ష్యం తెలియని లక్షణజ్ఞానం పనికిరాదన్న పట్టుదల ఈయనకు ఆ గురువుల సాహచర్యంలోనే కలిగింది.

మైసూరు జీవితం

కట్టమంచి రామలింగారెడ్డి అప్పుడు మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యుడు. శర్మ ప్రతిభను గుర్తించి ఆయనే ప్రోత్సహించగా, 1912లో, ఇంకా ఇరవై ఏళ్ళు నిండకుండానే, శర్మ ఆ కళాశాలలో తెలుగు పండితుడుగా చేరాడు. 1949 వరకు అక్కడే పనిచేశాడు. కన్నడదేశంలో ఉంటూ తెలుగు బోధించిన ఈ సుదీర్ఘకాలంలోనే ఈయన సాహిత్య రచనలలో ఎక్కువభాగం వెలువడ్డాయి.

మొదట ఈయన కవిగానే తెలుగువారికి పరిచయమయ్యాడు. "తారాదేవి", "మీరాబాయి" అనే కావ్యాలు తొలినాటివి. క్రమంగా కవిత్వం తగ్గించి విమర్శకు, అనువాదానికి మళ్ళాడు. ప్రాకృతంలోని హాలుని గాథాసప్తశతి నుండి ఎన్నిక చేసిన గాథలను "శాలివాహన గాథాసప్తశతీ సారము" పేరుతో తెలుగు పద్యాలుగా అనువదించాడు. రెండు పాదాలలో ఒక పల్లెటూరి సన్నివేశాన్ని చూపించే ఆ గాథలను తెలుగులో అంతే క్లుప్తంగా చెప్పడం తేలిక కాదు.

1928లో అనంతపురంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయం తరఫున వేమనపై ఉపన్యాసాలు ఇచ్చాడు. అవి "వేమన" పేరుతో పుస్తకంగా వచ్చాయి. వేమన సమాధి ఉన్నదని ప్రసిద్ధి పొందిన కటారుపల్లె కదిరికి సమీపంలోనిది. అంటే శర్మ తన సొంత సీమ కవిని గురించి సొంత సీమ ప్రజల ఎదుట మాట్లాడాడు. పండితులు చాలాకాలం కవిగా లెక్కించని వేమనను, అతని దోషాలను దాచకుండానే, మహాకవుల వరుసలో నిలిపి పరిశీలించిన గ్రంథాలలో ఇది మొదటివాటిలో ఒకటి. నేటికీ వేమనను చదివే విద్యార్థులకు ఇది ముఖ్యమైన ఆధారం.

పెనుగొండ కొండ

శర్మ గేయాలలో ఎక్కువ మందికి తెలిసినది "పెనుగొండ కొండ". పెనుకొండ విజయనగర సామ్రాజ్యంలో ముఖ్యమైన దుర్గం. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగరం పాడుపడగా, తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికే మార్చాడు. కోటగోడలు, గగనమహలు, గుళ్ళు, మసీదులు కొండ కింద ఇప్పటికీ ఉన్నాయి. ఈ కొండను చూస్తూ, గడిచిన వైభవాన్ని, వీరత్వాన్ని స్మరించే గేయం అది. పద్యంగా కాక, మాత్రల నడకలో, గొంతెత్తి పాడుకోవడానికి వీలుగా రాయడం దీని విశేషం.

పెనుకొండపై కావ్యం చెప్పినవాడు శర్మ ఒక్కడే కాదు. ఆ ఊళ్ళోనే పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు (1914 - 1990) చిన్న వయసులోనే "పెనుగొండ లక్ష్మి" రచించాడు. ఇద్దరూ పండితులే, ఇద్దరూ సంగీతం తెలిసినవారే. ఈ ప్రాంతంలో విజయనగరపు జ్ఞాపకం గ్రంథాలలో మాత్రమే ఉండేది కాదు. హిందూపురానికి దగ్గరలోని లేపాక్షి ఆలయ నాట్యమండపంలో వీణ, మద్దెల, తాళాలు పట్టిన మూర్తులు రంభ నాట్యానికి వాద్యసహకారం అందిస్తున్నట్లు స్తంభాలపై నిలబడి ఉంటాయి. పదహారవ శతాబ్దపు సంగీతం ఎలా ఉండేదో ఆ రాళ్ళు చూపిస్తాయి, వినిపించలేవు. శర్మ తన జీవితంలోని చివరి ముప్పై ఏళ్ళలో చేపట్టిన పని సరిగ్గా ఈ సమస్యకు సంబంధించినదే.

అన్నమయ్యకూ పెనుకొండకూ కూడా ఒక సంబంధం ఉంది. అన్నమయ్య మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన "అన్నమాచార్య చరిత్రము" ప్రకారం, సాళువ నరసింహరాయలు అన్నమయ్యను పెనుకొండకు రప్పించి గౌరవించాడు. స్వామిపై పాడిన శృంగార సంకీర్తన విని ఆనందించి, తనమీద కూడా అలాంటి పాట చెప్పమన్నాడు. అన్నమయ్య నిరాకరించాడు. కోపించిన రాజు సంకెళ్ళు వేయించగా, స్వామిని ప్రార్థిస్తే ఆ సంకెళ్ళు ఊడిపడ్డాయని కథ. మహిమల మాట ఎలా ఉన్నా, పెనుకొండ కోటలో ఒకనాడు ఈ పాటలు వినిపించాయని ఆ కుటుంబంవారు చెప్పుకున్న సంప్రదాయం ఇది.

రాగిరేకులు

అన్నమాచార్యుడు (1408 - 1503) ముప్పైరెండు వేల సంకీర్తనలు రచించాడని ప్రతీతి. ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుని కాలంలో ఈ సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయంలో తాళ్ళపాకవారి అర అని పిలిచే చిన్న గదిలో భద్రపరచారు. కాలక్రమంలో వాటిని గురించి పట్టించుకున్నవారు లేకపోయారు. ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో, 1922 ప్రాంతంలో, ఆలయ శాసనాలను పరిశీలించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి కృషితో ఆ రేకులు వెలుగులోకి వచ్చాయి. దొరికిన రేకులు రెండున్నర వేలకు పైమాటే. వాటిలోని సంకీర్తనలు, తాళ్ళపాక కవులందరివీ కలిపి, పద్నాలుగు వేల వరకు ఉంటాయి.

ప్రతి సంకీర్తనకు పైన రాగం పేరు ఉంటుంది. పల్లవి, సాధారణంగా మూడు చరణాలు ఉంటాయి. స్వరాలు ఉండవు. పాటను గురుముఖంగా నేర్చుకునే కాలంలో స్వరం రాయవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. ఆ నేర్పే పరంపర తెగిపోయినప్పుడు మాట మిగిలింది, వరుస పోయింది. కొన్ని పాటలు మాత్రం, ఇళ్ళలో పాడే ఒక జోలపాట వంటివి, భజనల ద్వారా, స్త్రీల పాటల ద్వారా జనంలో నిలిచి ఉన్నాయి.

ఇంచుమించు అదే కాలంలో, 1916 నుండి 1918 వరకు, ఇంగ్లాండుకు చెందిన సెసిల్ షార్ప్ అమెరికాలోని అపలాచియన్ కొండలలో ఊరూరా తిరిగి పాత పాటలను సేకరించాడు. అక్కడి పల్లెవాసుల నోట పాటా, వరుసా రెండూ సజీవంగా ఉన్నాయి. విని రాసుకోవడమే ఆయన పని. తిరుమల కొండ మీది పాటల విషయంలో వచ్చిన చిక్కు దీనికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ వ్రాత భద్రంగా ఉన్నది, విందామంటే పాడేవారు లేరు.

తిరుపతిలో పని

రేకుల పరిష్కరణ తిరుమల తిరుపతి దేవస్థానం పక్షాన పండిత విజయరాఘవాచార్యులతో మొదలైంది. తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రి ఆ బాధ్యత తీసుకుని, చిన్నన్న ద్విపదను విపులమైన పీఠికతో 1949లో ప్రచురించాడు. 1950 ఆగస్టులో ప్రభాకరశాస్త్రి మరణించాడు. మైసూరులో పదవీ విరమణ చేసి 1949లోనే తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో చేరిన శర్మపై ఆ తరువాత పరిష్కరణ భారం పడింది. ఈయన సంపాదకత్వంలో పలు సంకీర్తన సంపుటాలు వెలువడ్డాయి.

ఈ పని పైకి కనిపించేంత సులభం కాదు. రేకులపై మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. చెక్కినవారి పొరపాట్లు ఉంటాయి. నిఘంటువులలో దొరకని వాడుకమాటలు, సామెతలు, పలుకుబళ్ళు అడుగడుగునా తగులుతాయి. ఒక అక్షరం అటూ ఇటూ విడదీస్తే అర్థమే మారిపోతుంది. అన్నమయ్య భాషలో రాయలసీమ పలుకుబడి ఎక్కువ. కేవలం కావ్యభాష చదివిన పండితునికి తప్పుగా కనిపించే మాట, అనంతపురం పల్లెలో పుట్టినవాడికి తెలిసిన మాటే అవుతుంది. ఈ విషయంలో శర్మకు పుట్టుక ఇచ్చిన సదుపాయం చిన్నది కాదు. పైగా సంగీతం తెలిసినవాడు కనుక, పాదం ఎక్కడ విరగాలో తాళం లెక్కనుబట్టి కూడా నిర్ణయించగలిగాడు. పాఠ పరిష్కర్తకు, వాగ్గేయకారునికి కావలసిన రెండు విద్యలు ఒక్కరిలో ఉండడం ఆ సంకీర్తనలకు కలిసివచ్చింది.

వరుసలు కట్టడంలోని సమస్య

పాటలను అచ్చువేసి ఊరుకుంటే అవి పద్యకావ్యాల వలె చదువుకోవడానికి మిగులుతాయి. పాడాలంటే వరుస కావాలి. వరుస కడితే అది అన్నమయ్యది కాదు, కట్టినవారిది. ఈ రెండింటిమధ్య శర్మ ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది.

రేకుపై రాగం పేరు ఉన్నది కదా, దానిలోనే పాడవచ్చు కదా అని అనిపించవచ్చు. కాని రాగాల పేర్లు నిలిచినంతగా రాగాల రూపాలు నిలువలేదు. దీనికి ముఖారి మంచి ఉదాహరణ. 1550లో విజయనగరంలో రామామాత్యుడు రచించిన "స్వరమేళకళానిధి"లో ముఖారి మొదటి మేళం. దాని స్వరాలు ఇప్పటి లెక్కలో కనకాంగి మేళానికి చెందినవి. నేడు కచేరీలలో వినిపించే ముఖారి ఖరహరప్రియ జన్యం. అంటే రేకుపై ముఖారి అని చూసి ఈనాటి ముఖారిలో పాడితే, పేరు అన్నమయ్యది, రాగం మనది అవుతుంది. కొండమలహరి, అబ్బలి వంటి పేర్లు రేకులపై ఉన్నాయి గాని, ఈనాటి విద్వాంసులలో వాటిని పాడేవారు లేరు. సామంతం, దేసాక్షి, పాడి, బౌళి వంటివి కొన్ని అరుదుగా, కొన్ని మార్పులతో వినిపిస్తాయి.

కనుక అసలు వరుసను తిరిగి కనుగొనడం సాధ్యమయ్యే పని కాదు. శర్మ సాధ్యమైన పనినే చేశాడు. నూటికి పైగా సంకీర్తనలను ఎన్నిక చేసి, వీలైనంతవరకు రేకులు సూచించిన రాగాలకు దగ్గరగా ఉంటూ, అవి కుదరనిచోట భావానికి తగిన రాగాన్ని తీసుకుని, తాళం నిర్ణయించి, స్వరసహితంగా రాశాడు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆ స్వరసహిత సంకీర్తనలను ప్రచురించింది. స్వరలిపి ఉండడంవలన ఎక్కడి విద్యార్థి అయినా వాటిని నేర్చుకునే వీలు కలిగింది.

శర్మ కట్టిన వరుసలలో మాటకే పెద్దరికం. పల్లవిలో సంగతులు గుప్పించి పదాలను విరగ్గొట్టడం ఈయన పద్ధతి కాదు. చరణాలు తేలికైన నడకలో సాగి, వినేవారికి అర్థం తెలిసేటట్లు పల్లవికి తిరిగివస్తాయి. పండితులు కొందరికి ఇది మరీ నిరాడంబరంగా తోచవచ్చు. అయితే త్యాగరాజుకు ముందు మూడు వందల ఏళ్ళనాటి సంకీర్తనకు త్యాగరాజ కృతి వేషం వేయకపోవడంలోనే ఈయన వివేకం కనిపిస్తుంది. తల్లి పాటలు విని సంగీతం నేర్చినవాడి చెవి అది.

అన్నమయ్య స్వయంగా సంస్కృతంలో సంకీర్తన లక్షణం రచించగా, మనుమడు చినతిరుమలాచార్యుడు దానిని "సంకీర్తన లక్షణము" పేరుతో తెలుగు చేశాడు. పదం, పల్లవి, చరణాల కూర్పు ఎలా ఉండాలో చెప్పే ఈ గ్రంథం కూడా తాళ్ళపాక వాఙ్మయంలో భాగంగా దొరకడం పరిష్కర్తలకు సహాయపడింది.

విమర్శ, సంగీత రచనలు

"సారస్వతాలోకము" శర్మ వ్యాసాల సంపుటి. ఇందులోని "నిగమశర్మ అక్క" తెలుగు విమర్శలో ఎన్నదగినది. తెనాలి రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యంలో కొద్ది పద్యాలలో మాత్రమే కనిపించే, కవి పేరైనా పెట్టని ఒక పాత్ర ఆమె. దారితప్పిన తమ్ముణ్ణి మందలించడానికి పుట్టింటికి వచ్చిన ఆ అక్కను, తెలుగింటి ఆడపడుచుగా శర్మ ఎత్తి చూపిన తీరు పాఠకులకు ఎంతో నచ్చింది. "తిక్కన తీర్చిన సీతమ్మ", "రాయలనాటి రసికత" కూడా బాగా ప్రచారం పొందిన వ్యాసాలు. నాటకాలపై చేసిన ప్రసంగాలు "నాటకోపన్యాసములు"గా వచ్చాయి.

సంగీతంపై వ్యాసాలను "గానకళ" అనే గ్రంథంగా సంకలనం చేశారు. కాకతీయుల కాలంలో జాయప సేనాని సంస్కృతంలో రచించిన "నృత్తరత్నావళి"ని తెలుగులోకి అనువదించాడు. ఇది 1969లో ప్రచురితమైంది. దేశి నృత్తాలను వివరించే ఆ గ్రంథం పరిభాష చాలా కఠినమైనది. నాట్యం, సంగీతం, సంస్కృతం మూడూ తెలిసినవారు తప్ప దానిని తలపెట్టలేరు.

గౌరవాలు, చివరి రోజులు

తిరుపతిలో పని ముగిసిన తరువాత శర్మ బెంగుళూరులో నివసించాడు. 1974లో మద్రాసు సంగీత అకాడమీ ఈయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. కర్ణాటక సంగీత లోకంలో అత్యున్నతంగా భావించే ఈ గౌరవం సాధారణంగా కచేరీ విద్వాంసులకు లభిస్తుంది. జీవితమంతా పాఠాలు చెప్పి, తాళ్ళపాక రేకులను పరిష్కరించిన ఒక తెలుగు పండితునికి అది రావడం విశేషమే. అప్పటికి ఈయన వయస్సు ఎనభై ఒక సంవత్సరాలు.

1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును ప్రారంభించింది. సంకీర్తనలను స్వరపరచడం, పాడించడం, ప్రచారం చేయడం దీని లక్ష్యాలు. ఆ మరుసటి ఏడు దేవస్థానం శర్మను తన ఆస్థాన విద్వాంసునిగా నియమించి సత్కరించింది. సత్కారం జరిగిన రోజునే, 1979 మార్చి 11న, అనంతకృష్ణశర్మ మరణించాడు.

ఈయన తరువాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ మొదలైనవారు ఎన్నో సంకీర్తనలకు వరుసలు కట్టారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన రికార్డులతో అన్నమయ్య పాట తెలుగువారి ఇళ్ళకు, దేశవిదేశాలకు చేరింది. కచేరీలలో పాట చివర అన్నమయ్య ముద్ర వినిపిస్తుంది గాని, వరుస ఎవరిదో చెప్పే అలవాటు తక్కువ. అందువలన శర్మ కట్టిన వరుసలు కొన్నింటిని చాలామంది శ్రోతలు అన్నమయ్య నాటినుండి వస్తున్నవే అనుకుంటారు.